తొమ్మిది గడుల ముప్పాళ్ళ

ముప్పాళ్ళ అన్న పేరు అచ్చులో మూడక్షరాలు. మకారానికి కొమ్ము, పకారానికి దీర్ఘం, ఆ పకారం కింద ఇంకో పకారపు ఒత్తు, చివర ళకారం, దాని కిందా ఒత్తు. పల్నాడు జిల్లాలోని ఈ మండలకేంద్రం పేరు బస్సు బోర్డు మీదైనా, మిర్చి టిక్కీ మీదైనా ఇంతే. కంటికి రెప్పపాటు పని. అదే పేరును తెలుగు బ్రెయిలీలో రాస్తే తొమ్మిది గడులు పడుతుంది, 25 చుక్కలు లేస్తాయి. వేలు ఆ తొమ్మిది గడులనూ ఒకటొకటిగా దాటుకుంటూ పోవాలి. అలా దాటుతున్నప్పుడు తగిలే అందం అచ్చులో పేరు చదివేవాళ్ళకు దొరకదు.

వికలాంగుల కోసం తయారైన వస్తువుల మీద మన పత్రికల్లో సాధారణంగా రెండు రకాల రాతలే కనిపిస్తాయి. మొదటిది పంపిణీ వార్త: మూడుచక్రాల బండ్లు వరుసగా పెట్టి, వాటి ముందు నాయకులు నిలబడిన ఫొటో. రెండోది కన్నీటి కథనం. ఆ వస్తువు కూర్పేమిటి, పొందికేమిటి, ఎక్కడ రాణించింది, ఎక్కడ తేలిపోయింది అని కావ్యాన్ని చూసినట్టు చూసేవాళ్ళు తక్కువ. కావ్యానికి ప్రాణం ఔచిత్యమని క్షేమేంద్రుడు అన్నాడు. ఆ ఔచిత్యం ఇంత నిక్కచ్చిగా పరీక్షకు నిలబడే చోటు మరొకటి నాకు కనబడలేదు. పద్యంలో ఒక మాట అతకకపోతే పాఠకుడు ముఖం చిట్లించి ముందుకు పోతాడు. కాలికి కట్టిన కాలిపర్ అతకకపోతే మనిషి పడిపోతాడు.

ముందు గడి సంగతి. ఒక్కో గడిలో ఆరు చుక్కలకు చోటు ఉంటుంది. ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3; కుడివైపు 4, 5, 6. ఏ చుక్క లేచింది, ఏది లేవలేదు అన్నదాన్ని బట్టి అక్షరం. ఖాళీ గడిని వదిలేస్తే 63 రూపాలు వస్తాయి. గడి ఎత్తు ఇంచుమించు 6 మిల్లీమీటర్లు, వెడల్పు 4. చుక్క ఎత్తు అర మిల్లీమీటరు. చూపుడువేలి కొస కింద ఒక గడి సరిగ్గా ఇముడుతుంది. ఈ ఇమడడంలోనే ఉంది కిటుకంతా. లూయీ బ్రెయిలీకి ముందు ఫ్రాన్సులో షార్ల్ బార్బియే అనే ఆయన పన్నెండు చుక్కల గడి కట్టాడు, వరుసకు ఆరు చొప్పున రెండు నిలువు వరుసలు. ఆలోచన గొప్పదే. కానీ ఒక్క గుర్తు తెలియడానికి వేలు పైకీ కిందికీ పాకాల్సి వచ్చేది. చూపులేని ఒక పారిస్ బడి విద్యార్థి, పదిహేనేళ్ళ వయసులో, 1824 నాటికి దాన్ని సగానికి కోశాడు. 1829లో ప్రచురించాడు. సగం చుక్కలు తీసేయడమే ఆయన సృష్టి. కవికి ఏం రాయాలో తెలియడం ఒక ఎత్తు, ఏం కొట్టేయాలో తెలియడం ఒక ఎత్తు. ఆ రెండో విద్య బ్రెయిలీకి తన వేలే నేర్పింది.

ఇక ముప్పాళ్ళ. మొదటి గడిలో మ: 1, 3, 4 చుక్కలు. రెండో గడిలో ఉ: 1, 3, 6. తెలుగు బ్రెయిలీలో గుణింతపు గుర్తులు వేరే లేవు. కొమ్ము, గుడి, ఏత్వం, ఓత్వం అన్నీ పోయి, వాటి చోట అసలు అచ్చే వచ్చి కూర్చుంటుంది. మ పక్కన ఉ వస్తే ము. మూడో గడిలో ఒకే ఒక్క చుక్క, నాలుగోది. అది పొల్లు. నాలుగో గడిలో ప: 1, 2, 3, 4. ఐదో గడిలో మళ్ళీ ప. ఆరో గడిలో ఆ: 3, 4, 5. ఏడో గడిలో మళ్ళీ ఒంటిచుక్క పొల్లు. ఎనిమిదో గడిలో ళ: 4, 5, 6. తొమ్మిదిలో ఇంకో ళ. పేరు పూర్తయింది.

నన్ను కట్టిపడేసేది ఆ మూడో గడి. అచ్చులో హల్లు రాశాక పొల్లు చేరుస్తాం. బ్రెయిలీలో పొల్లు హల్లు కంటే ముందు నడుస్తుంది. రాబోయే హల్లుకు అకారం లేదనీ, దాని తర్వాతి హల్లుతో కలిపి పలకాలనీ వేలికి ముందే చెప్పేస్తుంది. కన్ను మాటనంతా ఒక్కసారే చూస్తుంది, ఒత్తు కింద ఉన్నా పక్కన ఉన్నా దానికి తేడా పడదు. వేలికి ఒకసారికి ఒక గడే దక్కుతుంది. వెనక వచ్చే సవరణ దానికి పనికిరాదు, చదివిన చోటికి మళ్ళీ పోవాల్సి వస్తుంది. అందుకే హెచ్చరిక ముందు, అక్షరం తర్వాత. అంకెలు రాబోతున్నాయని చెప్పే గుర్తు కూడా బ్రెయిలీలో అంకెలకు ముందే ఉంటుంది. పైగా ఆ పొల్లుకు ఎంచుకున్నది ఒకే ఒక్క చుక్క. ముప్పాళ్ళ అని నెమ్మదిగా పలికి చూడండి. 'ముప్' దగ్గర పెదాలు మూసుకుని ఒక్క క్షణం ఆగుతాయి. గొంతు ఆగిన ఆ చోటే వేలికి తగిలేది దాదాపు ఖాళీ గడి, అందులో ఒక మూల ఒంటిచుక్క. నోటికి ఎక్కడ నిశ్శబ్దమో వేలికీ అక్కడే నిశ్శబ్దం. ఇలా కావాలనే చేశారో, అదాటుగా కుదిరిందో గానీ, కుదిరిన తీరు మాత్రం మహాకవి చేతి పని.

చివరి రెండు గడులూ చూడండి. ళ అంటే కుడి నిలువు వరుస మొత్తం. ల అంటే ఎడమ నిలువు వరుస మొత్తం: 1, 2, 3. ఒకటి అద్దంలో రెండోదాని నీడ. నాలుక కొంచెం వెనక్కి మడిస్తే ల కాస్తా ళ అవుతుంది. ఇక్కడ చుక్కల వరుస కుడికి జరిగితే ల కాస్తా ళ అవుతుంది. ఇకారం 2, 4 చుక్కలు. అదే వాలు ఒక మెట్టు కిందికి దిగితే 3, 5: అది ఈకారం. దీర్ఘమంటే ఆ స్వరాన్నే లాగడం కదా, అదే గీతను కిందికి లాగారు. అక్షరాలన్నిటికీ మొదటిదైన అకారానికి దక్కింది ఒకే చుక్క, ఒకటో చోటులో. నోటి నిండా పలకాల్సిన ఢకారానికి ఆరుకు ఆరూ. ప్రతి చోటా ఇంత పొందిక ఉందని అనను. ఎ ఏల దగ్గర వరస తిరగబడింది. అక్కడ దీర్ఘమైన ఏ పై మెట్టు మీద ఉంది, హ్రస్వమైన ఎ కింది మెట్టుకు దిగింది. ఇంగ్లీషు బ్రెయిలీలో 'ఇ' అక్షరానిది 1, 5 చోటు. దాన్ని మన ఏకారానికి ఇచ్చేసరికి ఎకారం సర్దుకుంది. మంచి కావ్యంలోనూ ఒకటి రెండు చోట్ల ఛందస్సు కోసం మాట సర్దుకుంటుంది.

అచ్చు తెలుగు గుండ్రంగా ఉంటుందని మురిసిపోతాం. ఆ గుండ్రదనంలో ఒక చిక్కు ఉంది. పలికే వరస వేరు, రాసే వరస వేరు. స్త్రీ అన్న అక్షరాన్ని తీసుకోండి. సకారం, దాని నెత్తిన దీర్ఘపు గుడి, కింద తకారపు ఒత్తు, దాన్ని చుట్టుకుంటూ క్రావడి. నోరు స, త, ర, ఈ అని వరసగా పోతుంటే కన్ను మధ్యకు, పైకి, కిందికి, పక్కకు తిరుగుతుంది. కై అన్నప్పుడు ఐత్వం రెండు ముక్కలై పైన ఒకటి, కింద ఒకటి పడుతుంది. బ్రెయిలీ ఈ మేడలన్నిటినీ విప్పి ఒకే వరసలో పరిచింది. పొల్లు, స, పొల్లు, త, ర, ఈ: ఆరు గడులు. నోరు ఎలా నడిస్తే వేలు అలా నడుస్తుంది. అచ్చు లిపి కంటికి చేసిన సింగారమైతే, చుక్కల లిపి ఉచ్చారణకు పట్టిన కొలత. పాణిని చూస్తే మెచ్చుకునేది రెండోదాన్నే అనిపిస్తుంది.

ఈ లిపి మనకు ఇలా స్థిరపడింది 1951లో. అంతకుముందు దేశంలో తలా ఒక తీరు చుక్కలు. వాటినన్నిటినీ పక్కనపెట్టి భారతీయ భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిలీని ఖాయం చేశారు. సూత్రం ఒకటే: ధ్వని ఒకటైతే గడి ఒకటి. 1, 3, 4 చుక్కల మీద వేలు పెడితే కాశీలో హిందీ చదివే పిల్లవాడికీ, మదురైలో తమిళం చదివే పిల్లకూ, పల్నాట తెలుగు చదివే పిల్లకూ తగిలేది మకారమే. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే అక్కడా 'ఎమ్' అదే గడి. క, ప, ల, ర, న, స, హ, వ అన్నీ అంతే. పింగళి సూరన ఒకే పద్యంలో రామకథనూ భారతకథనూ నడిపిస్తే రాఘవపాండవీయం అని తలమీద పెట్టుకున్నాం. ఇక్కడ ఒకే గడి ఇన్ని భాషల్ని మోస్తోంది. ఇంత నిరాడంబరమైన శ్లేష ఇంకొకటి లేదు. ఇంకో చమత్కారం కూడా ఉంది. అంకెల గుర్తుకూ ణకారానికీ గడి ఒకటే: 3, 4, 5, 6. తికమక రాదా అంటే రాదు, తెలుగులో ణకారంతో మాట మొదలుకాదు కనుక.

చేత్తో రాసే తీరు మరీ విచిత్రం. బ్రెయిలీ పలకలో కాగితం బిగించి, స్టైలస్‌తో పొడవాలి. పొడిచిన చుక్క కిందికి దిగుతుంది, కాగితం తిప్పితేనే పైకి లేస్తుంది. అందుకని రాయడం కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరాన్నీ తిరగేసి. ముప్పాళ్ళలో ళ రావాలంటే చెయ్యి ల ఆకారాన్ని పొడవాలి. చదివేటప్పుడు ఒక లిపి, రాసేటప్పుడు దాని ప్రతిబింబం. బడిలో ఏడెనిమిదేళ్ళ పిల్లలు ఈ రెంటినీ ఒకే బుర్రలో పెట్టుకుని టకటకా పొడుచుకుంటూ పోతారు. దీన్ని చూసి 'అయ్యో' అనేవాళ్ళకు తాము ఏం చూస్తున్నారో తెలియడం లేదన్నమాట.

ఆ 'అయ్యో' దగ్గరే నా గొడవ. వికలాంగుల వస్తువు అనగానే మనం కరుణరసంలోకి జారిపోతాం. కరుణకు స్థాయిభావం శోకం. ఈ వస్తువుల్లో శోకం ఎక్కడుంది? పన్నెండు చుక్కల్ని ఆరు చేసిన చోట శోకం లేదు. పొల్లును ముందుకు తెచ్చిన చోట లేదు. అక్కడున్నది విస్మయం. విస్మయం స్థాయిగా ఉన్నది అద్భుతరసం. వస్తువును కరుణతో చూసినప్పుడు మనకు మన మంచితనమే కనిపిస్తుంది, వస్తువు కనిపించదు. అద్భుతంతో చూస్తేనే చుక్క ఎందుకు అక్కడుందో అడగబుద్ధవుతుంది. ఆ ప్రశ్న అడిగినవాడే మెరుగైన వస్తువు చేయగలడు. ఆలంకారికులు సహృదయుడు అన్నది కావ్యం చదివేవాణ్ణి. ఈ కళలో సహృదయుడు ముందు తయారుచేసేవాడే కావాలి. తనది కాని వేలితో చదవాలి, తనది కాని కాలితో నడవాలి.

చుక్కల తర్వాత గొంతు. పల్నాడుకు చెవితో చదవడం కొత్త కాదు. పల్నాటి వీరుల కథ శ్రీనాథుడి పేర ద్విపదగా రాతకెక్కినా, దాన్ని జనంలో నిలబెట్టింది కారెంపూడి వీరవిద్యావంతుల గొంతులు. ఇప్పుడు ఫోనే కథకుడి పని చేస్తోంది. తెర మీద వేలు పెట్టి జరుపుతుంటే వేలి కింద ఏముందో చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. కంప్యూటర్ మీద ఇదే పని చేసే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టాడు, జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరికీ చూపులేదు. తమకు కావలసింది తామే చేసుకున్నారు గనుకనే అది అతికింది.

ఆ గొంతు తెలుగు ఎలా చదవగలుగుతోంది? ఇక్కడ నాకు ఒళ్ళు గగుర్పొడిచే సంగతి ఒకటి ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. అందులో అక్షరాన్ని దాచే పద్ధతి కంటి వరస కాదు, నోటి వరస. ముప్పాళ్ళ అని టైపు చేస్తే యంత్రం లోపల పడేవి: మ, కొమ్ము, ప, పొల్లు, ప, దీర్ఘం, ళ, పొల్లు, ళ. లెక్కపెట్టండి, తొమ్మిది. బ్రెయిలీలోనూ తొమ్మిదే. స్త్రీ అన్నది అక్కడ ఆరు గడులు, ఇక్కడ ఆరు సంకేతాలు. తేడా అల్లా పొల్లు చోటులోనే: వేలికి ముందు, యంత్రానికి వెనక. వేలి కోసం 1951లో ఖాయం చేసిన వరసకే, నాలుగు దశాబ్దాల తర్వాత యంత్రం కోసం కూర్చున్నవాళ్ళూ చేరారు. ఎందుకంటే వేలూ యంత్రమూ రెండూ ఒకదాని తర్వాత ఒకటిగానే చదువుతాయి. రెంటికీ మేడలు పనికిరావు, బాట కావాలి. చూపులేనివాళ్ళ కోసం అని మనం పక్కన పెట్టిన లిపి, నిజానికి కంప్యూటర్ యుగానికి తెలుగును ముందే సిద్ధం చేసిన లిపి.

స్క్రీన్ రీడర్ గొంతు తియ్యగా ఉండదు. అలవాటు లేని చెవికి డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. అలవాటు పడ్డవాళ్ళు దాన్ని మనిషి మాట కంటే ఎన్నో రెట్ల వేగానికి పెంచి వింటారు. ఆ వేగంలో మామూలు మనిషి గొంతు అలుక్కుపోతుంది, ఈ మోటు గొంతు మాత్రం హల్లు హల్లుగా నిలబడుతుంది. కావ్యగుణాల్లో మాధుర్యం, ఓజస్సు, ప్రసాదం అని చెబుతారు. మాధుర్యం మొత్తం వదులుకుని ప్రసాదాన్ని పట్టుకున్న గొంతు ఇది. అర్థం వెంటనే అందడమే ప్రసాదం. వినేవాడికి అందం కంటే అందుబాటు ముఖ్యమైన చోట ఈ ఎంపికే ఉచితం.

దీనికి రసభంగం ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పాలి. యూనికోడ్‌కు ముందు మన డీటీపీ సెంటర్లలో పాతుకుపోయిన ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కలను కూర్చినవి. తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట. తెర మీద చూస్తే చక్కటి తెలుగు, స్క్రీన్ రీడర్‌కు వినిపించేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గోల. ఇక సంతకం పెట్టిన కాగితాన్ని ఫొటో తీసి పీడీఎఫ్‌గా ఎక్కించిన ఉత్తర్వు ఉంటుంది. దాని ముందు ఆ గొంతు మూగబోతుంది. పేరు పెట్టని బొమ్మ బటన్ ఉంటుంది. వేలు పెడితే 'బటన్' అంటుంది, పక్కన పెడితే మళ్ళీ 'బటన్' అంటుంది. డబ్బు పంపే బటనో, రద్దుచేసే బటనో తెలియదు. ఇదంతా డబ్బు లేక జరిగింది కాదు. తయారుచేసినవాడు ఒక్కసారి కళ్ళు మూసుకుని తన పనిని వినలేదు, అంతే.

చూపు నుంచి నడకకు వస్తే, తెలుగు నేల మీద తయారైన ఒక రచనను తప్పక చెప్పాలి. అగ్ని క్షిపణి మొదటిసారి ఎగిరింది 1989 మే 22న. ఆ క్షిపణి పని కోసం అబ్దుల్ కలాం నడిపిన హైదరాబాద్ ప్రయోగశాలలో చాలా తేలికైన పదార్థం ఒకటి తయారైంది. నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడు ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, కలాంను తన వార్డుకు తీసుకెళ్ళారు. అక్కడ పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైందని కలాం ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. ఎక్కువమందికి గుర్తున్నది ఈ బరువు లెక్కే. నాకు మాత్రం అది పనిచేసే తీరులోనే కవిత్వం కనిపిస్తుంది.

పోలియో వల్ల తొడ కండ పట్టు తప్పినవాళ్ళు నడిచే తీరు మన ఊళ్ళలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. అడుగు వేసినప్పుడల్లా మోకాలు మడతపడబోతుంది, తొడ మీద చేత్తో నొక్కి దాన్ని ఆపుకుంటారు. ఒక చెయ్యి ఎప్పుడూ కాలికే అంకితం. పాత ఇనుప కాలిపర్ మోకాలికి రెండు వైపులా కమ్మీలు పెట్టి, గడియ వేసి బిగిస్తుంది. కొత్త పద్ధతి పేరు ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్. ఇందులో మోకాలికి గడియ లేదు. చీలమండను కదలకుండా పట్టి, మోకాలి కింద ముందువైపు ఒక గట్టి పలక ఆనిస్తారు. పాదం నేలను తొక్కగానే నేల తిరిగి నెడుతుంది. ఆ నెట్టుడు పలక గుండా వచ్చి మోకాలిని వెనక్కి తోసి నిటారుగా నిలబెడుతుంది. అంటే మోకాలిని ఆపుతున్నది ఇనుము కాదు, భూమి. ఎప్పుడూ ఉన్న బలాన్నే మలుపుతిప్పి వాడుకున్నారు. తొడ మీది చెయ్యి విడుదలైంది. ఆ చేత్తో సంచి పట్టుకోవచ్చు, పిల్లను ఎత్తుకోవచ్చు. అలంకారం ఒక్కటీ లేదు, ఉన్నదంతా ధ్వని. మన దేశాన్ని పోలియో లేని దేశంగా 2014 మార్చి 27న ధ్రువీకరించారు. అంతకుముందు పుట్టిన తరం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

దేశౌచిత్యం అనే మాటకు జైపూర్ పాదాన్ని మించిన ఉదాహరణ లేదు. 1968లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన పని. విదేశీ కృత్రిమ పాదం బూటులో దాక్కుంటుంది, బూటు లేకపోతే దానికి బతుకు లేదు. మన మనిషి గుళ్ళో చెప్పులు విప్పాలి, వంటింట్లో విప్పాలి, బాసింపట్టు వేసుకుని భోంచేయాలి, గొంతుక్కూర్చోవాలి, వాన పడ్డాక నల్లరేగడిలో దిగాలి. రబ్బరును అచ్చులో వేసి ఉడికించి, లోపల చెక్కా మెత్తటి రబ్బరూ పెట్టి, పాదం రంగూ వేళ్ళ ఆకారమూ ఇచ్చి, అన్ని వైపులకూ వంగేలా చేశారు. ముప్పాళ్ళ చుట్టూ ఉన్న మిరప, పత్తి చేలలో దిగినా తడిసి చెడని పాదం అది. ఆ పాదాన్ని చూస్తే అది ఏ దేశానిదో, అక్కడివాళ్ళు ఎలా కూర్చుంటారో చెప్పేయొచ్చు. కావ్యంలో దేశకాలాలు పలకడమంటే ఇదే.

రోజూ మన జేబులో ఉండి మనం గమనించని రచనలు రెండు ఉన్నాయి. ఒకటి ఇరవై రూపాయల నాణెం. 2019 మార్చి 7న విడుదలైన ఆ వరసలో ఇది ఒక్కటే పన్నెండు పలకల నాణెం. మిగతావి గుండ్రం. చూపు లేకపోయినా వేలు అంచు మీద తిరగగానే ఇది ఇరవై అని తెలిసిపోతుంది. ఇంకా చదవాల్సింది లేదు, అరిగిపోయేది లేదు, ఆకారమే అర్థం. శబ్దార్థాలు విడదీయరానివిగా ఉండాలని ఆలంకారికులు కోరుకున్నది ఇక్కడ లోహంలో దొరికింది. చీకట్లో బస్సు కండక్టరూ, కళ్ళజోడు మర్చిపోయిన పెద్దాయనా, లాల్చీ జేబులో చెయ్యిపెట్టిన నేనూ అందరం దీని లబ్ధిదారులమే. రసాస్వాదంలో భట్టనాయకుడు సాధారణీకరణం అన్నాడు: ఒకరిదిగా మొదలైన అనుభూతి అందరిదీ కావడం. ఒకరి కోసం చేసినది అందరికీ దక్కితే, ఆ పని పండినట్టు.

రెండోది నోటు. దీనికి నా మెప్పు సగమే. కొత్త వందనోటు అంచున ఉబ్బెత్తు వాలుగీతలు నాలుగు, అయిదొందల నోటుకు అయిదు. వందకు త్రిభుజం, అయిదొందలకు వృత్తం. భావం చక్కనిది. కానీ ఉబ్బెత్తు అచ్చు చేతులు మారేకొద్దీ అణిగిపోతుంది. చెమట చేతుల్లో, రొంటిన దోపుకున్న మడతల్లో, మిర్చి కారం అంటిన సంచుల్లో తిరిగిన నోటు మీద ఆ గీతలు ఎన్నాళ్ళుంటాయి? అప్పుడు ఆదుకోవాల్సింది కొలత. పాత వరసలో వందనోటు పొడవు 157 మిల్లీమీటర్లు, అయిదొందలది 167. తేడా 10. కొత్త వరసలో వంద 142, రెండొందలు 146, అయిదొందలు 150. పక్కపక్క నోట్ల మధ్య తేడా నాలుగే మిల్లీమీటర్లు. వెడల్పు మూడింటికీ 66. నాలుగు మిల్లీమీటర్లంటే ఒక బ్రెయిలీ గడి వెడల్పు. చదివే వేలికి అది చాలు, సంతలో తొందరగా లెక్కపెట్టే చేతికి చాలదు. ఈ లోటు తీర్చడానికి రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న మణి అనే యాప్ తెచ్చింది. ఫోన్ కెమెరా ముందు నోటు పెడితే విలువ చెబుతుంది. ఉపకారమే. అయినా మూలపాఠం స్పష్టంగా ఉంటే వ్యాఖ్యానం అవసరం ఉండదు. నాణెం మూలపాఠం, యాప్ వ్యాఖ్యానం.

ఇప్పటిదాకా చెప్పిన వాటిల్లో రాణించినవన్నీ ఒక్క లక్షణం దగ్గర కలుస్తాయి. ఏదీ మనిషికి ఏం లేదు అన్న లెక్కతో మొదలుకాలేదు. ఉన్నదేమిటో పసిగట్టి దాని మీద నిలబడింది. వేలికి కదిలే స్పర్శ ఉంది, బ్రెయిలీ దాని మీద నిలబడింది. చెవికి వేగం ఉంది, స్క్రీన్ రీడర్ దాని మీద నిలబడింది. నేలకు తిరిగి నెట్టే గుణం ఉంది, కాలిపర్ దాన్ని వాడుకుంది. తేలిపోయినవన్నీ కంటితో చూసేవాడు కంటికోసం చేసి, చివర్లో గుర్తొచ్చి ఏదో తగిలించినవి.

చట్టం తన మాట చెప్పేసింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. చట్టం హక్కు ఇవ్వగలదు, అందం ఇవ్వలేదు. అందం పనిచేసేవాళ్ళ చేతుల్లో ఉంది.

అందుకే ఈ రాత చదివే ప్రచురణకర్తలకూ, డీటీపీ పని చేసేవాళ్ళకూ, ఆఫీసుల్లో ఉత్తర్వులు ఎక్కించేవాళ్ళకూ, యాప్‌లు రాసే కుర్రాళ్ళకూ ఒక మనవి. తెలుగును యూనికోడ్‌లో టైపు చేయండి. కాగితం ఫొటోకు బదులు అక్షరాలున్న ఫైలు పెట్టండి. ప్రతి బటన్‌కూ పేరు పెట్టండి, ప్రతి బొమ్మ కింద అదేమిటో ఒక్క వాక్యం రాయండి. జనంలోకి వదిలే ముందు చూపులేని ఒక్కరి చేతికిచ్చి, వాళ్ళు తప్పుపట్టింది దిద్దండి. పైసా ఖర్చు లేని పనులివి. ఇవి చేయని తెలుగు పుస్తకం, తెలుగు వెబ్‌సైటు ఎంత ముచ్చటగా ముస్తాబైనా నా లెక్కలో అచ్చుతప్పులతో వచ్చిన పుస్తకమే.